కాజీ ఇవ్వవలసింది సలహా, తీర్పు కాదు

పుదుచ్చేరిని నిలువునా చీల్చే కాలువకు తూర్పున ఫ్రెంచివారి పట్నం, పడమట తమిళుల పట్నం. పర్యాటక ప్రచారం ఇక్కడితో ఆగిపోతుంది. పడమటి పట్నపు దక్షిణ భాగంలో కాజీ వీధి ఉందనీ, ముల్లా వీధి ఉందనీ, ఊళ్ళోకెల్లా పాతదిగా పేరొందిన మీరాన్ మసీదు ఆ ప్రాంతంలోనే ఉందనీ తెలుసుకొని వెళ్ళే యాత్రికులు తక్కువ. కాజీ అంటే న్యాయనిర్ణేత, ముల్లా అంటే మతవిద్య నేర్చినవాడు. కాపురంలో కలత రేగిన ముస్లిం కుటుంబం మొదట ఎవరి గడప తొక్కుతుందో, ఆ ఇద్దరి పేర్లే ఆ వీధులకున్నాయి. ఆ గడప తొక్కిన స్త్రీకి అక్కడ ఏమి దొరకాలి, ఏమి దొరకకూడదు అన్నదే ప్రశ్న. ఢిల్లీలో ఈ ప్రశ్నను రెండు శిబిరాలు పంచుకొన్నాయి. రెండూ దాన్ని ఓట్ల లెక్కలోకి మార్చుకొన్నాయే తప్ప ఒక్కటీ జవాబు చెప్పలేదు.

పుదుచ్చేరిలో ఈ ప్రశ్నకు మరెక్కడా లేని ఒక చిక్కు ఉంది. ఒకే వీధిలో పక్కపక్కన మూడిళ్ళు ఉన్నాయనుకొందాం. మొదటి ఇంటికి 1937 నాటి షరియత్ వర్తింపు చట్టం వర్తిస్తుంది. అది ఈ ఊరికి వచ్చింది 1968లో, కేంద్ర చట్టాలను పుదుచ్చేరికి విస్తరించిన శాసనం ద్వారా. రెండవ ఇంటివారు ఫ్రెంచి పౌరులు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలల గడువు ఇచ్చారు, ఆ గడువులో సంతకం చేసిన తాతగారి మనుమలు వారు. వారి పెళ్ళీ విడాకులూ పారిస్‌తో ముడిపడి ఉంటాయి. మూడవ ఇల్లు రెనాన్సాంలది. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి డిక్రీ కింద తమ కులమత ఆచార చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వెళ్ళినవారి సంతతి. వారు భారత పౌరులే. అయినా 1955 హిందూ వివాహ చట్టమూ, 1937 షరియత్ చట్టమూ పుదుచ్చేరి రెనాన్సాంలకు వర్తించవని, ఆ చట్టాలను ఇక్కడికి తెచ్చిననాడే భారత రాజ్యం ప్రత్యేకంగా రాసి పెట్టింది. ఆ రాత నేటికీ చెరిగిపోలేదు.

"ఒకే దేశం, ఒకే చట్టం" అని గొంతు చించుకొనే నాయకులు ఎన్నికలకు పుదుచ్చేరి వస్తూనే ఉంటారు. వారిలో ఒక్కరైనా రెనాన్సాం అన్న మాట ఉచ్చరించిన దాఖలా వెతకవలసిందే. ఏకరూప పౌరస్మృతి అన్నప్పుడు వారి కంటికి ఆ మూడిళ్ళలో మొదటి ఇంటి తలుపు ఒక్కటే కనిపిస్తుంది. 2025 జనవరి 27న అమలులోకి వచ్చిన ఉత్తరాఖండ్ పౌరస్మృతి షెడ్యూల్డు తెగలను మినహాయించింది. మినహాయింపు తప్పని కాదు. ఒకరికి మినహాయింపు గౌరవం, మరొకరికి అదే వెనుకబాటుతనం ఎలా అవుతుందన్నదే సందేహం. ఏకరూప స్మృతి ఈ దశలో అవసరమూ కాదు, వాంఛనీయమూ కాదని 21వ లా కమిషన్ 2018 ఆగస్టులో తన సంప్రదింపు పత్రంలో చెప్పింది. ప్రతి మత చట్టంలోనూ ఉన్న స్త్రీ వివక్షను విడివిడిగా తొలగించమన్నది. అయిదేళ్ళు తిరగకుండానే 2023 జూన్‌లో తరువాతి కమిషన్ మళ్ళీ ప్రజాభిప్రాయం కోరింది. నడుమ మారింది సమాజం కాదు, ఎన్నికల పంచాంగం.

ఇక ఆ మొదటి ఇంటి స్త్రీ సంగతి. భర్త ఖర్చులకు ఇవ్వడు. లేదా గల్ఫుకు పోయి ఫోను ఎత్తడు. లేదా అత్తవారింట మాట పడదు. ఆమె నేరుగా న్యాయస్థానానికి ఎందుకు వెళ్ళదని చదువుకొన్నవారు తరచు ఆశ్చర్యపోతారు. ఈ ఆశ్చర్యంలో కొంత అమాయకత్వం, కొంత అహంకారం కలిసి ఉంటాయి. తెలుగునాట ఏ కులపు ఇంట్లో కాపురం బెసికినా మొదట వకీలు దగ్గరకు పోతారా? మేనమామను పిలుస్తారు, ఊరి పెద్దమనుషులను కూర్చోబెడతారు, గురువుగారికి చెప్పుకొంటారు. కోర్టు మెట్లెక్కడమంటే కాపురం ముగిసిందని లోకానికి చాటడమే. మసీదుకు వెళ్ళడమంటే ఇంకా ముగియలేదన్న ఆశను బ్రతికించుకోవడం. పైగా ఆమెకు విశ్వాసం ఉంది. నిఖా ఒక ఒప్పందమేగాని, దేవుని పేరిట చేసుకొన్న ఒప్పందం. దాన్ని నిలుపుకోవడమైనా, విడిచిపెట్టడమైనా దేవుని ముందు తప్పు కాని పద్ధతిలో జరగాలని ఆమె కోరుకొంటుంది. ఈ కోరికను అజ్ఞానమని కొట్టిపారేసే లౌకికవాదం ఆమెకు ఉపకారం చేయలేదు సరికదా, ఆమెను జమాత్ పెద్దల చేతిలో మరింత ఒంటరిగా వదిలేసింది.

విశ్వాసం ఆమెకు ఇచ్చేది చిన్న సాయమేమీ కాదు. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయపడినప్పుడు అతని వైపు నుండి ఒక మధ్యవర్తిని, ఆమె వైపు నుండి ఒక మధ్యవర్తిని నియమించాలని ఖురాన్ నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఇద్దరికీ సమానంగా ఒక్కొక్కరు. ఏ మసీదు కమిటీలో ఈ సమానత పాటిస్తున్నారో చూడవలసిందే. 58వ అధ్యాయం పేరే వాదులాడిన స్త్రీ మీద వచ్చింది. తన భర్త అన్యాయంగా తనను దూరం పెట్టాడని ప్రవక్త ముందు వాదించిన ఖౌలా ఫిర్యాదును దేవుడు విన్నాడని ఆ అధ్యాయం మొదలవుతుంది. కాపురం మీద ఫిర్యాదు చేసే స్త్రీ నోరు మూయించడం మతధర్మమని ఎవరైనా అంటే, వారు తమ గ్రంథాన్ని చదవలేదనే అనుకోవాలి.

హదీసు గ్రంథాలలో నమోదైన మరొక వృత్తాంతం ఈ వాదానికంతటికీ కీలకం. బరీరా అనే స్త్రీ బానిసత్వం నుండి విముక్తి పొందింది. విముక్తితో పాటు, ఇంకా బానిసగానే ఉన్న భర్త ముగీస్‌ను విడిచిపెట్టే హక్కూ ఆమెకు వచ్చింది. ఆమె విడిచిపెట్టింది. అతడు మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగాడు. ప్రవక్త జాలిపడి, అతని దగ్గరకు తిరిగి వెళ్ళమని ఆమెను అడిగాడు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నాడు. అయితే తనకు అతనితో పని లేదని ఆమె చెప్పింది. ప్రవక్త మరి మాట్లాడలేదు, ఆమెను ఎవరూ శిక్షించలేదు, నిందించలేదు. సలహాకు, ఆజ్ఞకు మధ్య గీత గీయమని ఒక విముక్త బానిస స్త్రీ అడిగితే, ఇస్లాంలో అత్యున్నత స్థానంలో ఉన్న వ్యక్తి ఆ గీత గీసి చూపించాడు. ఆ గీతను నేడు మసీదు కమిటీ కార్యదర్శి చెరిపేస్తున్నాడు.

చెరిపేసింది ఒక కాగితం ముక్కతో. 1880 నాటి కాజీల చట్టం నాలుగు సెక్షన్ల చిన్న శాసనం. కాజీకి న్యాయపరమైన అధికారం గాని, పరిపాలనాధికారం గాని ఏదీ సంక్రమించదని దాని నాలుగవ సెక్షనే చెబుతుంది. ఆంగ్లేయుల కాలం నుండి ఉన్న ఈ మాటను పక్కన పెట్టి, తలాఖ్ చెల్లిందని, ఖులా పూర్తయిందని ముద్ర వేసి ధ్రువపత్రాలు ఇవ్వడం తమిళదేశంలో ఆనవాయితీ అయింది. దీనిపై మద్రాసు హైకోర్టు చెప్పిందే పుదుచ్చేరికి కూడా శిరోధార్యం, ఎందుకంటే 1962 నుండి ఈ కేంద్రపాలిత ప్రాంతానికి అదే హైకోర్టు. 2016 డిసెంబరులో ఆ న్యాయస్థానం చెన్నై అన్నాసాలైలోని ఒక మసీదులో నడుస్తున్న షరియత్ కౌన్సిల్ వ్యవహారాన్ని విని, ప్రార్థనాస్థలాలలో కోర్టుల వంటివి నడపరాదన్నది. ఫిర్యాదు చేసింది భార్య కాదు, భర్త. ఇష్టం లేకుండా తనచేత విడాకులు ఇప్పించారని అతని ఆరోపణ. కాబట్టి ఈ పత్రాల దెబ్బ స్త్రీలకే పరిమితమనుకోవడం పొరపాటు. 2017 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ నాయకత్వంలోని ధర్మాసనం, కాజీ ఇచ్చే తలాఖ్ పత్రం న్యాయస్థానాల దృష్టిలో కేవలం అభిప్రాయమేనని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో జస్టిస్ సి. శరవణన్ తమిళనాడు తౌహీద్ జమాత్ షరియత్ కౌన్సిల్ ఇచ్చిన ఖులా పత్రాన్ని కొట్టివేసి, ఖులా స్త్రీ హక్కే కాని దానికి వెళ్ళవలసింది కుటుంబ న్యాయస్థానానికని చెప్పారు. 2024 అక్టోబరులో మదురై బెంచిలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ముందుకు మరొక వ్యాజ్యం వచ్చింది. అక్కడ కౌన్సిల్ భర్త తరఫున తలాఖ్ పత్రం ఇచ్చింది. తలాఖ్‌ను భార్య కాదంటే, అది చెల్లిందని భర్తే కోర్టులో రుజువు చేసుకోవాలని ఆయన తేల్చారు.

అయితే ఈ తీర్పులను ఉత్సాహంగా పంచుకొన్నవారు సుప్రీంకోర్టు 2014 జులైలో విశ్వలోచన్ మదన్ కేసులో చెప్పినదాన్ని సగమే చదివారు. దారుల్ ఖజాలకు చట్టబద్ధమైన అధికారం లేదని, ఫత్వా ఎవరినీ కట్టిపడేయదని కోర్టు చెప్పినమాట నిజం. కాని అవి నడవడమే నేరమని చెప్పలేదు. ఇరుపక్షాలూ ఇష్టపూర్వకంగా వెళ్ళి రాజీ చేసుకొంటే చట్టానికి అభ్యంతరం లేదు. అంటే భారత అత్యున్నత న్యాయస్థానం గీసిన గీత, బరీరా అడిగితే గీసిన గీత ఒక్కటే. సలహా చెప్పు, ఆజ్ఞ ఇవ్వకు. మతపెద్దలకు దీనిలో నామోషీ ఎందుకు కలగాలో బోధపడదు.

నామోషీ కలుగుతోంది మాత్రం నిజం. 1973లో హైదరాబాదులో పురుడు పోసుకొన్న అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు ఈ అర్ధశతాబ్దిలో చేసిన వాదాలను ఒక వరుసలో పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. 2016లో ముమ్మారు తలాఖ్ కేసులో బోర్డు సుప్రీంకోర్టుకు ఇచ్చిన ప్రమాణపత్రంలో, విడాకులు కష్టతరమైతే మగవాడు భార్యను వదిలించుకోవడానికి చంపడమో, తగలబెట్టడమో చేయవచ్చునన్న వాదం ఉంది. ఒక సమాజపు మగవాళ్ళను ఆ సమాజపు ప్రతినిధులే ఇంతగా అవమానించిన పత్రం మరొకటి దొరకదు. మరుసటి ఏడు, విచారణ ఒడ్డెక్కే వేళకు, ముమ్మారు తలాఖ్ చెప్పవద్దని పెండ్లికొడుకులకు హితవు చెప్పాలని కాజీలకు సూచిస్తామని అదే బోర్డు అదే కోర్టుకు విన్నవించింది. ఆ హితవు నలభై ఏళ్ళ ముందే చెప్పి ఉంటే షా బానో ఇందోరు నుండి సుప్రీంకోర్టు దాకా నడవవలసిన పని ఉండేది కాదేమో. 2018లో ప్రతి జిల్లాకూ ఒక దారుల్ ఖజా పెట్టాలన్న ఆలోచన బోర్డు బయటపెట్టింది. భారతీయ జనతా పార్టీ దాన్ని సమాంతర న్యాయస్థానాల కుట్ర అన్నది. కొన్నాళ్ళు టీవీ చర్చలు ఊగిపోయాయి. ఆ చర్చల్లో కూర్చున్న వారెవరూ, ఆ మధ్యవర్తుల బల్ల వెనుక ఒక్క స్త్రీ అయినా కూర్చుంటుందా అని అడగలేదు.

మతపండితులు ఎల్లప్పుడూ ఇలాగే ఉన్నారనుకోవడం వారికి అన్యాయం. 1930ల తొలినాళ్ళలో హనఫీ సంప్రదాయం ప్రకారం భర్త చేత పీడింపబడే స్త్రీకి బయటపడే మార్గం దాదాపు లేకపోయేది. పంజాబులో కొందరు స్త్రీలు నిఖా రద్దు కావడానికి మతమే మార్చుకొన్నారు. దేవబంద్ సంప్రదాయానికి చెందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ అప్పుడు మతం ప్రమాదంలో పడిందని కేకలు వేస్తూ కూర్చోలేదు. మరొక ధర్మశాస్త్ర శాఖ అయిన మాలికీ సంప్రదాయంలో స్త్రీకి ఉన్న వెసులుబాట్లను హనఫీలు స్వీకరించవచ్చునని గ్రంథం రాశారు. ఆ ఆలోచనే మహమ్మద్ అహ్మద్ కాజ్మీ ప్రవేశపెట్టిన బిల్లుగా మారి, 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. భర్త నాలుగేళ్ళు జాడ తెలియకపోతే, రెండేళ్ళు పోషించకపోతే, మూడేళ్ళు దాంపత్యధర్మం నెరవేర్చకపోతే, క్రూరంగా హింసిస్తే స్త్రీ కోర్టుకు వెళ్ళి విడాకులు తీసుకోవచ్చు. హిందూ స్త్రీకి దేశవ్యాప్తంగా విడాకుల హక్కు రావడానికి ఇంకా పదహారేళ్ళు పట్టింది. ముస్లిం స్త్రీని ఉద్ధరించడానికి బయలుదేరిన నేటి వీరులు ఈ తేదీలను ఒకసారి పక్కపక్కన రాసుకొంటే మంచిది.

ఇక ఉద్ధరణ ఎంత జరిగిందో చూడాలి. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురిద్దరి మెజారిటీతో ముమ్మారు తలాఖ్‌ను రద్దు చేసింది. అది మంచిపని, ఆలస్యంగా జరిగిన మంచిపని. తరువాత 2019లో పార్లమెంటు చేసిన చట్టం అదే మాట పలకడాన్ని మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరంగా మార్చింది. భర్త జైలుకు పోతే ఆమె భరణం ఎవరు ఇస్తారు? అదే చట్టంలో భరణం సెక్షన్ ఉంది, కాని జైల్లో ఉన్నవాడి జేబులోంచి అది ఎలా రాలుతుందో ఏ సెక్షనూ చెప్పదు. తలాఖ్ మాటే నోట రానీయకుండా భార్యను పుట్టింటి గడపలో వదిలేసి పోయినవాడికి ఈ చట్టం వర్తించనే వర్తించదు. మాట అన్నవాడు నేరస్థుడు, మాట అనకుండా గొంతు కోసినవాడు పెద్దమనిషి. వదిలివేత అన్ని మతాలలోనూ ఉంది, అందుకే దాన్ని నేరం చేయడానికి ఏ పార్టీకీ తొందర లేదు.

కడుపు నిండడానికి చివరికి పనికి వచ్చింది పాత నేరవిచారణ స్మృతిలోని 125వ సెక్షనే. 2024 జులై 10న సుప్రీంకోర్టు ఈ సంగతిని మళ్ళీ స్థిరపరచింది, అదీ తెలంగాణ నుండి వెళ్ళిన వ్యాజ్యంలో. కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేలు ఇవ్వమన్నది, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 1986 చట్టమే దిక్కు, 125 వర్తించదని భర్త సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ అతని వాదాన్ని తోసిపుచ్చారు. పదివేల రూపాయల కోసం ఒక స్త్రీ ఎక్కవలసిన మెట్లు ఎన్నో దీనివల్ల తెలుస్తోంది. ఆమె మసీదు మెట్లే మేలనుకొంటే తప్పు పట్టేవారెవరు?

రాజ్యం ఖాళీ వదిలిన చోట మసీదు కమిటీ ఒక్కటే చేరలేదు. వ్యాపారమూ చేరింది. భర్త మాట వినడం లేదా, తావీజు కట్టుకోండి. ప్రేమ తగ్గిందా, ఫలానా వజీఫా ఇన్ని రాత్రులు జపించండి, దక్షిణ ముందుగా పంపండి. విశ్వాసాన్ని చిల్లరగా అమ్మే ఈ ప్రకటనలు గోడల మీద, రైలు డబ్బాల్లో, ఫోన్లలో తెలుగులోనూ తమిళంలోనూ ఉర్దూలోనూ కనిపిస్తాయి. వశీకరణం అమ్మే హిందూ దుకాణానికీ దీనికీ బోర్డు మీది బొమ్మలో తప్ప తేడా లేదు. మంత్రతంత్రాలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది గాని, భర్త నిరాదరణ రోగాల పట్టికలో లేదు. జమాత్ పెద్దలు సినిమాల మీద, గాయనుల మీద ఫత్వాలు కోరినంత వేగంగా ఈ దుకాణాల మీద కోరరు. మత స్వేచ్ఛ గురించి, మత సంస్కరణ గురించి మాట్లాడే రెండు శిబిరాలకూ ఇక్కడ చూపు మందగిస్తుంది.

పుదుచ్చేరికి మార్గం చూపడానికి ఢిల్లీ అక్కరలేదు. దక్షిణాన కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న పుదుక్కోట్టైలో దావూద్ షరీఫా ఖానం రెండు దశాబ్దాల కిందటే ముస్లిం స్త్రీల జమాత్ నడిపి చూపించారు. మసీదు జమాత్‌లో స్త్రీకి ప్రవేశం లేదు, ఆమె కాపురం మీద చర్చ జరుగుతున్నప్పుడు ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడాలి. షరీఫా అడిగినది సులభమైన ప్రశ్న: మా గురించి తేల్చే చోట మేమెందుకు లేము? స్త్రీలే కూర్చొని ఫిర్యాదులు విన్నారు, భర్తలను పిలిపించారు, అవసరమైతే పోలీసు స్టేషనుకూ కోర్టుకూ తోడు వెళ్ళారు. ఖురాన్‌ను పక్కన పెట్టలేదు, దాన్నే ముందు పెట్టుకొని వాదించారు. హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ ఆ జమాత్ మీద తీసిన డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. షరీఫా బృందాన్ని మతపెద్దలు మతభ్రష్టులన్నారు. సంస్కరణవాదులమని చెప్పుకొనే పార్టీలు ఆమెను వేదికల మీద వాడుకోలేకపోయాయి, ఎందుకంటే ఆమె మతాన్ని తిట్టలేదు. ఇద్దరికీ పనికిరాని మనిషి గనుకనే ఆమె మార్గం ఆ స్త్రీకి పనికివచ్చింది.

మతపండితుడి పాత్ర ఎంతవరకో 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు మరింత స్పష్టంగా చెప్పింది. జస్టిస్ మౌసుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల ధర్మాసనం ముందుకు వచ్చినది హైదరాబాదులోని ఒక షరయీ కౌన్సిల్ ఇచ్చిన ఖులా పత్రం మీద భర్త వేసిన వ్యాజ్యం. ఖులా కోరే హక్కు స్త్రీకి సంపూర్ణమని, దానికి భర్త అంగీకారం అక్కరలేదని, ముఫ్తీ మాట సలహా మాత్రమేనని, పత్రం ముఫ్తీ నుండి రావడం తప్పనిసరి కాదని కోర్టు చెప్పింది. వివాహం రద్దయిందని వ్యవహారంలో ముద్ర వేయవలసింది కుటుంబ న్యాయస్థానం. కేరళ హైకోర్టు కూడా 2021లో స్త్రీకి కోర్టు బయట విడాకుల మార్గాలున్నాయని అంగీకరించి, దాన్ని కాదన్న 1972 నాటి తన పాత తీర్పును తోసిపుచ్చింది.

ఇక్కడ యానాం గుర్తుకు వస్తుంది. గోదావరి ఒడ్డున, ఆంధ్రదేశపు ఒడిలో ఉన్నా యానాం పుదుచ్చేరిలో భాగం, దాని హైకోర్టు మద్రాసు. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమైనప్పుడు, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానానికి పెళ్ళివారు బళ్ళు కట్టుకొని వెళ్ళేవారు. ఊరికి కల్యాణపురమని పేరు వచ్చింది. హద్దురాయి దాటితే అన్యాయం చట్టబద్ధమయ్యే చిత్రం తెలుగువారికి కొత్త కాదు. నేడు హైదరాబాదులో ఉన్న తెలుగు ముస్లిం స్త్రీకి, ఖులా తన మాటతోనే నడుస్తుందని, కోర్టు దానిని పరిశీలించి నమోదు చేస్తుందని హైకోర్టు భరోసా ఇచ్చింది. యానాంలో ఉన్న ఆమె చెల్లెలికి మాత్రం మద్రాసు తీర్పు ప్రకారం కోర్టుకు వెళ్ళి వ్యాజ్యం వేస్తేగాని ఆ హక్కు చేతికి రాదు. ఒకే మతం, ఒకే భాష, ఒకే ఖురాన్ వాక్యం. పౌరస్మృతి గురించి ప్రసంగించే పార్లమెంటు సభ్యులు కనీసం ఈ రెండు తీర్పుల మధ్య ఖాళీని పూడ్చమని సుప్రీంకోర్టునో, ప్రభుత్వాన్నో అడిగి ఉంటే వారి చిత్తశుద్ధిని నమ్మడానికి కొంత ఆధారం ఉండేది.

మసీదు పత్రాన్ని నమ్ముకొన్నవారికి పుదుచ్చేరిలో ఎదురయ్యే మరొక గోడ సముద్రానికి ఆవల ఉంది. ఈ ఊరి కుటుంబాలు ఎన్నో ఫ్రాన్సుతో పెళ్ళిళ్ళ ద్వారా, పింఛనుల ద్వారా ముడిపడి ఉన్నాయి. 2004 ఫిబ్రవరి 17న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం కాసాసియోఁ కోర్టు, మగవాడు ఏకపక్షంగా ఇచ్చే తలాఖ్ దంపతుల సమానత్వ సూత్రానికి విరుద్ధమని, దానిని ఫ్రాన్సులో గుర్తించబోమని తేల్చింది. అల్జీరియా, మొరాకో కోర్టులు ఆమోదించిన తలాఖ్‌లకే ఆ గతి పట్టినప్పుడు, కాజీ వీధిలో ముద్ర పడిన కాగితానికి పారిస్‌లో ఏ విలువ ఉంటుంది? ఇక్కడ విడిపోయామనుకొన్న స్త్రీ అక్కడి కాగితాల్లో భార్యగానే మిగిలిపోవచ్చు. పునర్వివాహం, వారసత్వం, పింఛను అన్నీ ఆ చిక్కులో పడతాయి. సులువుగా వస్తుందని తీసుకొన్న పత్రం ఇరవై ఏళ్ళ తరువాత ఎంత ఖరీదవుతుందో ఆ ముద్ర వేసినవాడు చెప్పడు.

కాజీలను తరిమివేయడం దీనికి విరుగుడు కాదు. తరిమివేస్తే వారు వీధి చివర మరొక గదిలో కూర్చొంటారు, స్త్రీ అక్కడికే వెళుతుంది, ఈసారి చీకట్లో. విరుగుడు వారికి చెందిన పనిని వారికి అప్పగించి, చెందని ముద్రను చేతిలోంచి తీసివేయడం. ఇరువైపుల నుండి మధ్యవర్తి ఉండాలని వారి గ్రంథమే చెబుతున్నప్పుడు, స్త్రీ వైపు మధ్యవర్తి స్త్రీగా ఉండటానికి ఏ అడ్డంకీ లేదు. పెళ్ళినాడే నిఖానామాలో షరతులు రాయించుకొనే వీలు ధర్మశాస్త్రంలో ఉంది. భర్త ఫలానా తప్పు చేస్తే విడిపోయే అధికారం తనకే దఖలు పడుతుందని వధువు రాయించుకోవచ్చు. తఫ్వీజ్ అనే ఈ పద్ధతిని భారత న్యాయస్థానాలు ఎప్పటినుండో ఆమోదిస్తున్నాయి. బిర్యానీ ఎన్ని దేగిశాలు వండించాలో నిఖాకు ముందు గంటలకొద్దీ చర్చించే పెద్దలు ఈ ఒక్క వాక్యం గురించి పెళ్ళికూతురికి చెప్పరు. చెప్పడం ఇమాం పని. ఆ పని చేయడానికి ఏ హైకోర్టూ అడ్డు రాలేదు.

ప్రభుత్వం చేయవలసింది అంతకన్నా సులువు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చిందే కాపురాల తగాదాలను నల్లకోటుల వాదప్రతివాదాల నుండి తప్పించడానికి. ముందుగా రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు విధి అని 9వ సెక్షన్ చెబుతుంది, సలహాదారులను నియమించమని 6వ సెక్షన్ చెబుతుంది, సమాజసేవా సంస్థలనూ, కుటుంబ సంక్షేమరంగంలో పనిచేసేవారినీ కోర్టుతో కలుపుకోవచ్చునని 5వ సెక్షన్ చెబుతుంది. ముస్లిం సమాజంలో మాట చెల్లే మనుషులను, వారిలో సగం మంది స్త్రీలను, ఆ 5వ సెక్షన్ కింద పుదుచ్చేరి కుటుంబ న్యాయస్థానపు సలహామండలిలోకి తీసుకొంటే, ఆ స్త్రీ మసీదుకూ కోర్టుకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోవలసిన అగత్యం తప్పుతుంది. సలహా ఆమె నమ్మే భాషలో దొరుకుతుంది, ముద్ర చెల్లే చోట పడుతుంది. రెనాన్సాం ఇంటికీ, హిందువు ఇంటికీ కూడా అదే ఏర్పాటు వారివారి తీరులో చేయవచ్చు. దీనికి కొత్త శాసనం అక్కరలేదు, రాజ్యాంగ సవరణ అక్కరలేదు, టీవీ చర్చ అసలే అక్కరలేదు. హైకోర్టును సంప్రదించి నిబంధనలు చేసే అధికారం ఆ సెక్షన్‌లోనే ఉంది. గెజిట్‌లో ఒకటి రెండు పేజీలు, కింద ఒక సంతకం. ఆ చట్టం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది.